మాను అడిగిన బరువు

పెదమానివలస,
14-3-1968, గురువారం.

ఈనాటి పనులు: చింతపండు ఈనెలు తీసి మూడు కుండలకెత్తడం. మినపవడియాలు ఒక నులకమంచం నిండా. మీ బావ పంచెలు రెండు, నీ మేనల్లుడు చినబాబు చొక్కా ఒకటి ఉతకడం. ఆవుకు తవుడు. నీకు ఉత్తరం.

తమ్ముడు కూర్మయ్యకు,

అన్నిటికన్నా ఆఖర్న రాసుకున్న పనే అన్నిటికన్నా కష్టంగా ఉంది. పొద్దుటి నుంచి మూడుసార్లు కాగితం తీసి మూడుసార్లు లోపల పెట్టాను.

పన్నెండేళ్ళకు మళ్ళీ మన అసిరితల్లికి సిరిమాను ఎత్తుతున్నారని నీకు తెలుసు. కొండ మీంచి చింతమాను సోమవారం వచ్చింది. ఏభై అడుగులుంది. పూజారి ఇల్లని మా వాకిట్లోనే రథం మీదికెక్కించారు. మొదలు దగ్గర రాళ్ళ బుట్ట, కొసన వెదురు కుర్చీ. పండగనాడు ఆ కుర్చీలో మా ఇంటి మనిషి కూర్చుంటే, ఊరంతా పగ్గాలు పట్టి గుడి చుట్టూ మూడుసార్లు లాగాలి.

నాన్న కట్టే కట్టు గుర్తుందా? మాను రథం మీద ఆనే చోట తడిపిన గడ్డిమోకు ఎనభై చుట్లు చుట్టేవాడు. రథం కదిలితే ఆ కట్టు మూలిగేది. అమ్మవారు మూలుగుతోందని మనం అమ్మ కొంగు పట్టుకునేవాళ్ళం. ఈసారి గడ్డిమోకు లేదు. ఉత్సవాల కమిటీ ప్రెసిడెంటు నరసింగరావు గారు ఇనుప దిమ్మ చేయించి బోల్టులు బిగించారు. మాను చప్పుడు చెయ్యదు.

నేను రాయాలనుకున్నది ఇది. నిన్న పదకొండు దాటాక అరుగు మీద బియ్యం చెరుగుతున్నాను. గాలి లేదు, చేటలో ఊక కూడా కదలడం లేదు. తలెత్తి చూస్తే మాను కొస ఊగుతోంది. పక్కకు కాదు, పైకీ కిందకీ. ఎవరో అడిగినదానికి ఔను ఔను అంటున్నట్టు. పక్కింటి తాతమ్మ అత్త కర్ర పట్టుకుని వచ్చి నిలబడింది.

"ఒసే తవిటీ, అమ్మోరు ఔనంతన్నాదే. ఏటడిగినావేటి?"

"నానేటీ అడగనేదత్తా."

"అయితే ఎవులో అడిగినారు" అని వెళ్ళిపోయింది.

నేను లోపలికెళ్ళి నువ్విచ్చిన టైంపీసు తెచ్చుకున్నాను. నిమిషానికి అరవై ఆరు ఊపులు. ఏడు నిమిషాలు ఊగి నిలిచిపోయింది. నువ్వు పిల్లలకు ఇలాంటివే పాఠాలు చెబుతావు కదా. ఎందుకు ఊగుతుందో రాయి. లక్ష్మణమ్మకు నెలలు నిండుతున్నాయి, బరువులు ఎత్తనివ్వకు.

అక్క తవిటమ్మ.

శ్రీకాకుళం,
18-3-1968.

అక్కా,

నీ ఉత్తరం క్లాసులో చదివి వినిపించాలనిపించింది. మా కుర్రాళ్ళు పాఠం వింటారే గానీ, ఊగేది కనబడితే గడియారం తెచ్చుకోరు.

భయపడకు. ఊరి వెనక పొలాల్లోంచి రైలు కట్ట పోతుంది కదా. పదకొండు దాటాక రాయగడ వైపు వెళ్ళే గూడ్సు ఒకటుంది. అది పోతుంటే నేల సన్నగా అదురుతుంది. మనిషికి తెలియదు, మానుకు తెలుస్తుంది. ప్రతి వస్తువుకూ తనదైన ఒక లెక్క ఉంటుంది. ఒకసారి కదిపి వదిలేస్తే అది ఆ లెక్కనే ఊగుతుంది. మీ మానుది అరవై ఆరు. నేల అదురులో ఆ లెక్కకు సరిపడే తాకిడి కొంచెం ఉన్నా చాలు, అందుకుంటుంది. ఉయ్యాల వెనక్కొచ్చిన ప్రతిసారీ ఒక్క వేలితో తోసినా కాసేపటికి పైకప్పు తాకుతుంది. ఇదీ అంతే.

రేపు గూడ్సు కూత వినిపించగానే మాను వంక చూడు. తాతమ్మ అత్తతో, అమ్మవారు రైల్వే వాళ్ళకు జవాబు చెబుతోందని చెప్పు.

లక్ష్మణమ్మ బాగుంది. అల్లం పచ్చడి కావాలంటోంది.

తమ్ముడు కూర్మయ్య.

పెదమానివలస,
1-4-1968, సోమవారం.

ఈనాటి పనులు: కందులు విసరడం అయిదు కుంచాలు. అల్లం పచ్చడి ఒక జాడీ (నీ భార్యకు, ఈ ఉత్తరంతోపాటే వస్తుంది). పాత గోనెలు కుట్టడం నాలుగు. మాను లెక్క.

తమ్ముడూ,

నువ్వు చెప్పింది నిజమే. పది రోజులు చూశాను. గూడ్సు పదకొండూ పదికి వస్తుంది, మాను పదకొండూ పన్నెండుకు మొదలెడుతుంది. మనసు తేలికపడింది. అయితే నేను రోజూ రాసుకున్న లెక్క చూడు. అరవై ఆరు, అరవై ఆరు, అరవై ఏడు, అరవై ఎనిమిది, నిన్న అరవై తొమ్మిది. ఎందుకు పెరుగుతోంది? ఏదో నడక పెంచి దగ్గరకొస్తున్నట్టుంది.

ఊళ్ళో వాళ్ళు ఆ వేళకు మా వాకిట్లో చేరి మానును ప్రశ్నలు అడుగుతున్నారు. వీధి చివరి జగ్గమ్మ, కోడలు తిరిగొస్తుందా అని అడిగింది. మాను ఔనంది. కోడలు మర్నాడే వచ్చింది, తగువు తేల్చమని పెద్దమనుషుల్ని వెంటేసుకుని. జగ్గమ్మ ఇప్పుడు మా గుమ్మం తొక్కడం లేదు. పాపం, ఔను తప్ప కాదనడం ఆ మానుకు రాదు. అందుకే నాకు దాన్ని చూస్తే గుబులు. కాదనడం రానిదాన్ని ఏదడిగితే ఏం లాభం?

ఈ తొమ్మిదో తారీఖున జరగాల్సిన పండగ ముప్ఫైకి వాయిదా పడింది. ఇనుప సామాను ఒకటి ఇంకా రావాలట. ఆ దిమ్మ బొమ్మ గీసి ఇచ్చింది ఎవరో పెద్ద చదువు చదివినాయనట. నరసింగరావు గారు పేరు చెప్పలేదు. నీకేమైనా తెలుసా?

అక్క.

శ్రీకాకుళం,
5-4-1968.

అక్కా,

ముందు సులువైనది. మాను ఎండుతోంది. పచ్చి కర్ర బరువు, మెత్తన. ఎండిన కొద్దీ తేలికై బిగుస్తుంది, లెక్క పెరుగుతుంది. డెబ్భై రెండు దగ్గర ఆగుతుందని నా అంచనా. ఏదీ దగ్గరకు రావడం లేదు.

ఇక రెండోది. ఆ బొమ్మ గీసింది నేనే.

మొన్న సంక్రాంతి సెలవుల ముందు నరసింగరావు గారు కాలేజీకి వచ్చారు. "మీ నాన్న పోయాక కట్టు కట్టేవాడు లేడు. నువ్వు నేర్చుకోకపోయావు. ఇప్పుడేటి సేస్తావో సెప్పు" అన్నారు. పిల్లల ముందే అన్నారు. నేను నాలుగు రోజుల్లో గీసి ఇచ్చాను. ఆ దిమ్మ విరగదు, పది మానులు మోస్తుంది. నీకు చెప్పకపోవడానికి కారణం నీకు తెలుసు. నాన్న మోకు పేనడానికి పిలిచినప్పుడల్లా నేను పుస్తకం పట్టుకుంటే, నా బదులు నువ్వు వెళ్ళి కూర్చునేదానివి. నీ అరచేతులు ఒరుసుకుపోవడం నేను చూశాను.

నీ ఉత్తరం చదివాక ఇన్ని రోజులకు నాకు ఒకటి తట్టింది. గడ్డికట్టు మూలిగేదంటే, మాను ఊపును అది తినేసేదన్న మాట. చుట్టుకూ చుట్టుకూ మధ్య ఒరిపిడి. అందుకే నాన్న కాలంలో మాను రెండు ఊపులు ఊగి నిలిచిపోయేది. నా ఇనుము దేన్నీ తినదు. ఇచ్చినదంతా మానులోనే ఉంటుంది. నేను బలమే చూశాను, ఇది చూడలేదు.

మూడు పనులు చెయ్యి. తప్పెట వాయించే రాముడి దెబ్బ నిమిషానికి ఎన్నో లెక్కపెట్టు. పగ్గాలు లాగేది ఆ దెబ్బకే కదా. బావ బరువు మిల్లు కాటా మీద తూయించు. అంత బరువు కుర్చీలో కట్టించి మాను లెక్క చూడు. ఎక్కేది బావే కదా.

నన్ను తిట్టాలనుకుంటే ముందు లెక్క రాసి ఆ కింద తిట్టు.

కూర్మయ్య.

పెదమానివలస,
12-4-1968, శుక్రవారం.

ఈనాటి పనులు: మిల్లుకు ధాన్యం రెండు బస్తాలు. ఆవకాయ కారం దంచడం మొదటి విడత. ఇల్లు అలకడం. లెక్కలు మూడు.

తమ్ముడూ,

తిట్లు లేవు. లెక్కలు పంపుతున్నాను.

ఖాళీ మాను: డెబ్భై రెండు. నువ్వన్నట్టే అక్కడ ఆగింది.

రాముడి తప్పెట: నలభై ఏడు. మూడు రోజులు విన్నాను, ఒక్క దెబ్బ అటూ ఇటూ లేదు.

మీ బావ: డెబ్భై మూడున్నర కిలోలు. మిల్లు దగ్గర ఇంట్లో వాళ్ళందరూ సరదాకి కాటా ఎక్కారు. అందరివీ పుస్తకంలో రాసుకున్నాను. నువ్వడిగింది బావది గనుక బావది పంపుతున్నాను.

నిన్న నరసింగరావు గారి చేత డెబ్భై అయిదు కిలోల బియ్యం బస్తా తెప్పించి, కిలోన్నర తీయించి, మీ బావ బరువుకు సరిచేసి కుర్చీలో కట్టించాను. కొసను తాడుతో కిందికి లాగి వదిలారు. నిమిషానికి నలభై రెండు ఊపులు. ఎంతసేపటికీ ఆగలేదు. జనం బియ్యం బస్తాకు దండాలు పెట్టారు. మీ బావ మాత్రం ఆ బస్తా వంకే చూస్తూ కూర్చున్నాడు.

"అప్పలసూరీ, నీ బదులు బస్తానే ఎక్కించెద్దుమా? అన్నం పెట్టక్కర్నేదు, బెంగా నేదు" అని నరసింగరావు గారు నవ్వారు. అందరూ నవ్వారు. మీ బావ లోపలికొచ్చి పడుకున్నాడు.

నీ చివరి ప్రశ్నకు నేను జవాబు రాయలేను. ఎవరి పేరు తలిచినప్పుడు అమ్మవారి తలమీది పువ్వు పడితే వాళ్ళే ఎక్కాలి, అది మా ఇంటి నాలుగు గోడల మధ్యే తేలుతుంది. రథం దగ్గర పసుపు తాడు కట్టే వరకు ఆ పేరు పలకకూడదు, రాయకూడదు. పేరు ముందు నడిస్తే మనిషి వెనక మిగలడంటారు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాడు మా అత్తగారు నాచేత ఒట్టు వేయించుకుంది. నీకు తెలియనిది కాదు.

అక్క.

శ్రీకాకుళం,
16-4-1968.

అక్కా,

బతికించావు. తప్పెట నలభై ఏడు, మాను నలభై రెండు. రెంటికీ మధ్య అయిదు తేడా ఉంది. బావ పైన కాస్త ఎక్కువే ఊగుతాడు గాని ప్రమాదం లేదు. పైన మనిషి బరువెక్కితే మాను లెక్క తగ్గుతుంది, తేలికైతే పెరుగుతుంది. పెరిగి నలభై ఏడుకు వస్తే మాత్రం, ప్రతి లాగుడూ ఉయ్యాలను వేలితో తోసినట్టే. నా ఇనుము దాన్ని తినదు. ఇరవై లాగుళ్ళలో కుర్చీలో మనిషి చేటలో గింజలా ఎగురుతాడు. ఆ సంగతి మనకక్కర్లేదు, బావ డెబ్భై మూడున్నర ఉన్నాడు. పండగ దాకా ఉపవాసాలు చెయ్యనివ్వకు.

నీ రెండు లెక్కలతో ఒక చిన్న పట్టిక వేసుకున్నాను. ఇప్పుడు ఏ ఊపుకు ఎంత బరువో ఇక్కడ కూర్చుని చెప్పగలను. దిండు కింద కూడా అవే కాగితాలని లక్ష్మణమ్మ విసుక్కుంటోంది.

పేరు సంగతి పట్టించుకోవద్దు. బావే కదా.

కూర్మయ్య.

పెదమానివలస,
20-4-1968, శనివారం.

ఈనాటి పనులు: ఏమీ కాలేదు. అన్నం మాడింది.

తమ్ముడూ,

ఈ పొద్దు గూడ్సు రాలేదు. గజపతినగరం అవతల కట్ట మరమ్మతు అని నిన్ననే స్టేషను వాళ్ళు చెప్పారట. రేపటి దాకా ఆ దారిన ఏ బండీ లేదు. అందుకని వాకిట్లోకి ఎవరూ రాలేదు. నేనొక్కదాన్నే అరుగు మీద ఉన్నాను. పదకొండూ పన్నెండుకు మాను ఊగింది.

అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఎప్పటి ఊపు కాదు. బరువుగా, నెమ్మదిగా ఉంది. నలభై ఏడు. టైంపీసు ఆగిందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాను. మళ్ళీ లెక్కపెట్టాను. నలభై ఏడు. మూడోసారీ అంతే.

కుర్చీ ఖాళీ. నా కళ్ళతో చూశాను. అయినా ఊపు కిందికి దిగినప్పుడల్లా వెదురు కిర్రుమంది, మనిషి కూర్చుంటే అన్నట్టు. ఆ కుర్చీ వీపు మీద రోజూ ఒక కాకి వాలుతుంది. ఈ పొద్దు అది వచ్చి, రెండు చుట్లు తిరిగి, వాలడానికి చోటు లేనట్టు వెళ్ళిపోయింది.

తాతమ్మ అత్త తన గుమ్మంలోంచి చూసింది. "ఎవుల్నే ఎక్కించినారు అంత ముందుగాల?" అని అడిగింది. ఆవిడకు చూపు సరిగా ఆనదు.

ఖాళీ మాను డెబ్భై రెండు ఊగాలి కదా. నలభై ఏడు ఎందుకు ఊగింది? తొందరగా రాయి.

అక్క.

శ్రీకాకుళం,
23-4-1968.

అక్కా,

నిన్న తెల్లవారి లక్ష్మణమ్మకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. పురుడు గనుక పదకొండు రోజులు నేను అమ్మవారి పొలిమేర తొక్కకూడదు. పండక్కి రాలేను. ఈ సంతోషంలోనే నీ ఉత్తరం అందింది.

నాలుగుసార్లు చదివాను. నీ లెక్క తప్పని రాద్దామనుకున్నాను. నువ్వు లెక్క తప్పడం నేను పుట్టిన తర్వాత చూడలేదు. గాలి అనుకున్నా, దూరాన కొండరాయి పేల్చారనుకున్నా, ఊపు పుట్టడానికి కారణం దొరుకుతుంది. ఊపు లెక్క మారడానికి దొరకదు. ఖాళీ మాను దేనికి కదిలినా డెబ్భై రెండే ఊగాలి.

పట్టిక తీసి చూశాను. నలభై ఏడు ఊగాలంటే కొసన ఏభై ఒక్క కిలోలు ఉండాలి. ఏభై కాదు, ఏభై అయిదు కాదు.

ఎవరైనా తెలియక ఎక్కారేమో కనుక్కో. అక్కా, ఏభై ఒక్క కిలోల మనిషి మీ వాకిట్లో ఎవరున్నారు?

కూర్మయ్య.

పెదమానివలస,
25-4-1968, గురువారం.

తమ్ముడూ,

పనుల జాబితా లేదు. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. గజపతినగరం బస్సు డ్రైవరు జగన్నాధం చేతికిస్తున్నాను. జవాబు కూడా అతని చేతే పంపు.

నీ ఉత్తరం చదివి, మిల్లు కాటా నాడు రాసుకున్న కాగితం తీశాను. మీ బావ డెబ్భై మూడున్నర. నేను ఏభై ఎనిమిది. ఆఖరి గీతలో చినబాబు, ఏభై ఒకటి.

పువ్వు నా కొడుకు పేరున పడింది. ఫిబ్రవరిలోనే పడింది. మీ బావకు మోకాళ్ళు వాచి నిచ్చెన ఎక్కలేకుండా ఉన్నాడు. ఊరికి చెప్పలేదు, నీకూ చెప్పలేదు. నువ్వు బావ బరువు అడిగావు, నేను బావ బరువు పంపాను. అబద్ధం ఆడలేదు, ఒట్టూ తప్పలేదు అనుకున్నాను. ఎక్కని మనిషి బరువుతో నువ్వు ధైర్యం చెబుతుంటే చదివి మడతపెట్టి పెట్టెలో దాచాను. ఇప్పుడు ఒట్టు తప్పాను. పేరు రాశాను. నేను రాయకముందే ఆ మాను చెప్పేసింది కదా.

నలభై ఏడు వాడి లెక్క. నలభై ఏడు తప్పెట లెక్క. నువ్వు చెప్పిన చేటలో గింజ నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

రాముడి దగ్గరకు వెళ్ళాను. దెబ్బ కాస్త మార్చి వాయించమన్నాను. "అప్పా, అది తాతల్నాటి దెబ్బ. మార్సడానికి నానెవుల్ని? మారిత్తే నా సెయ్యి నా కాడుంటాదా?" అన్నాడు. నరసింగరావు గారితో ఇనుము విప్పించమన్నాను. "నీ తమ్ముడే గదమ్మా గీసినాడు, నీకే నమ్మకం నేదా?" అన్నారు. మీ బావతో వేరే మనిషిని ఎక్కిద్దామన్నాను. "పువ్వు పడ్డాక కాదంతే అమ్మోరు ఊరుకుంతాదా?" అని గోడ వైపు తిరిగాడు. చినబాబు మాత్రం కొత్త పంచెకు పసుపు పెట్టించుకుని, "అమా, పైనుంచి రైలు కట్ట కనిపిస్తాదంట గదా" అని అడిగాడు.

అయిదు రోజులుంది. ఏం చెయ్యను?

అక్క.

శ్రీకాకుళం,
27-4-1968.

అక్కా,

జగన్నాధం వాకిట్లో నిలబడి ఉన్నాడు. నిలబెట్టే రాస్తున్నాను.

రెండే దారులు. ఒకటి, దిమ్మ మీద నాన్న కట్టు కట్టించడం. 1956 నాటి నీ పద్దు పుస్తకంలో నాన్నకు ఎన్ని మోపుల గడ్డి ఇచ్చావో రాసుకుని ఉంటావు, చూడు. ఊళ్ళో మోకు పేనగలిగినది ఇప్పుడు నువ్వొక్కదానివే. ఇన్నేళ్ళకు మళ్ళీ నీ చేతులే అడుగుతున్నాను.

రెండోది, చినబాబు పక్కన బరువు పెట్టడం. బావ బరువుకు సరిపోవాలి. ఇరవై రెండున్నర కిలోలు. అప్పుడు బస్తాతో చూసిన నలభై రెండే వస్తుంది. ఎక్కువైతే కుర్చీ మొయ్యదు, తక్కువైతే ఊపు ఆగదు. ఇసుకో, రాళ్ళో, ఏదైనా సరే. అమ్మవారి కుర్చీలో ఇసుక పెట్టనివ్వరని నాకు తెలుసు. ఏదో ఒకటి ఆలోచించు.

వాడు పుట్టినప్పుడు ముందు నా చేతిలో పెట్టావు. నా దిమ్మ మీద వాణ్ణి ఎక్కించకు అక్కా.

కూర్మయ్య.

పెదమానివలస,
2-5-1968, గురువారం.

ఈనాటి పనులు: పందిరి గుంజలు పీకించడం. గంగాళాలు తోమి ఎవరివి వాళ్ళకు చేర్చడం. చినబాబు తలంటు. నీకు ఉత్తరం.

తమ్ముడూ,

వాడు క్షేమం. ముందు అది చదివి, కూర్చుని, తర్వాత మిగతాది చదువు.

నీ ఉత్తరం అందిన సాయంత్రమే అటక మీంచి 1956 పుస్తకం దించాను. గడ్డి పద్దు దొరికింది. నాన్నకు పదహారు మోపులు. మూడు రోజుల్లో పదహారు మోపుల గడ్డి పేనడం నా ఒక్కదాని వల్ల కాదు. పైగా పసుపు రాసిన తర్వాత ఆడది మానును తాకకూడదంటారు. పుస్తకం మూసేస్తూ ఆ కింది గీత చూశాను. నా దస్తూరీయే.

ఆ ఏడు పండగ దాటిన నెలకు చినబాబుకు అమ్మవారు పోసింది, నీకు గుర్తుందా? పదేళ్ళవాడు. అరటాకు మీద పడుకోబెట్టాం. బతికితే మళ్ళీ సిరిమాను ఎత్తేనాటికి వాడి ఎత్తు బెల్లం ఇస్తానని మొక్కాను. లేచి కూర్చున్న రోజున తూయించి రాసుకున్నాను. "అసిరితల్లికి బెల్లం, చినబాబు ఎత్తు, రెండు మణుగులు. బాకీ."

ఏటేటా ఆ గీతను కొత్త పుస్తకంలోకి ఎత్తుకుంటూ వచ్చాను. కిలోల లెక్క వచ్చిన ఏడు కొత్త పుస్తకం కుట్టి, వీసెలూ మణుగులూ అన్నీ కిలోల్లోకి మార్చి రాశాను. ఆ ఒక్క గీత మార్చలేదు. ఎలా జారిపోయిందో తెలియదు. ఇంత జాగ్రత్తగా ఉండే దాన్ని, ఆరేళ్ళు అమ్మవారి బాకీ నా పుస్తకంలో లేకుండా తిరిగాను.

రెండు మణుగులను, అంటే పదహారు వీసెలను, ఇప్పటి లెక్కలోకి మార్చాను. దగ్గర దగ్గర ఇరవై రెండున్నర కిలోలు.

పెన్ను కింద పెట్టేశాను తమ్ముడూ. దీపం వత్తి ఎగదోసి మళ్ళీ లెక్క వేశాను. అంతే వచ్చింది.

మంగళవారం పొద్దున్న బెల్లం తూయించి, పసుపు గుడ్డలో మూట కట్టి, రథం దగ్గరకు నేనే మోసుకెళ్ళాను. చినబాబుకు పసుపు తాడు కట్టగానే జనం గుసగుసలు మొదలెట్టారు. నరసింగరావు గారి ముఖం తెల్లబోయింది. బస్తాను మీ బావ బరువుకే సరిచేశామని ఆయనకూ గుర్తొచ్చినట్టుంది.

"ఏటమ్మా ఆ మూట?" అన్నారు.

"అమ్మోరి బాకీ. పన్నెండేళ్ళది. ఆడి ఒళ్ళోనే ఎక్కాలి, ఆడి మొక్కది."

"కుర్సీలో మనిషి తప్ప మరోటి..."

తాతమ్మ అత్త కర్రతో నేల మీద కొట్టింది. "ఒరే నరసింగా, అమ్మోరి సొమ్ము అమ్మోరి కాడికెల్తంటే అడ్డడానికి నువ్వెవుడివిరా? నీ ఇనుము ఎక్కగా నేనిది, బెల్లం ఎక్కకూడదా?"

మీ బావ వాచిన కాళ్ళతో లేచి వచ్చి, మూటను తన చేత్తో కొడుకు ఒళ్ళో పెట్టి తాడుతో బిగించాడు. అప్పుడు మొదటిసారి నా ముఖం చూశాడు.

రాముడు తప్పెట ఎత్తాడు. నలభై ఏడు. పగ్గాలు కదిలాయి. నేను తల పైకెత్తి లెక్కపెట్టడం తప్ప మరేమీ చెయ్యలేదు. జనం అరటిపళ్ళు విసురుతున్నారు, నాకు వాళ్ళెవరూ కనబడలేదు. మొదటి ఊపులకు కుర్చీ మనిషి ఎత్తు లేచింది. తర్వాత ఊపు పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది, తగ్గింది. ఎప్పుడూ దెబ్బను అందుకోలేదు. దెబ్బ ఒకటి అడుగుతుంటే మాను మరొకటి చెబుతున్నట్టు ఉంది. కాదనడం దానికి వచ్చిందన్న మాట. మూడు చుట్లూ తిరిగింది.

ఒక మాట నీకు తప్ప ఎవరికీ చెప్పను. రెండో చుట్టులో, రథం మలుపు తిరిగేటప్పుడు, నీ దిమ్మ దగ్గర మూలుగు వినబడింది. ఇనుము కీచుమంటుంది గాని మూలగదు. తడిసిన గడ్డిమోకు మూలిగే మూలుగది. రాముడు కూడా విన్నాడు. వాయిస్తూనే పక్కకు చూసి, మళ్ళీ తల దించుకున్నాడు. దిగాక చినబాబును అడిగాను, పైన ఎలా ఉందని. "ఒళ్ళో మూట నేదమా, పక్కన ఎవులో ఒదిగి కూకున్నట్టుంది. సిన్నపిల్లోడి పాటి బరువు" అన్నాడు. ఆ బెల్లం వాడి పదేళ్ళనాటి బరువని నేను వాడికి చెప్పలేదు.

బెల్లం ఊరంతా పంచేశాం. జగ్గమ్మ కూడా వచ్చి పట్టుకెళ్ళింది. నీ కూతురికి ఒక ముక్క ఈ ఉత్తరంతో పంపుతున్నాను, పురుడు వెళ్ళాక నాలుకకు రాయి. నా అరచేతుల మాట ఇక ఎత్తకు. నువ్వు ఆ ఇనుము గీయకపోతే నాకు లెక్కపెట్టే పని లేదు, లెక్కపెట్టకపోతే ఆ పుస్తకం దించేదాన్ని కాదు.

రథం రేపు విప్పుతారు. మాను ఇంకా వాకిట్లోనే ఉంది. కాకి కుర్చీ మీద వాలింది. ఈ పొద్దు గూడ్సు పదకొండూ పదికి వెళ్ళింది. నేల ఎప్పటిలాగే అదిరింది, చెంబులో నీళ్ళు వణికాయి. పదకొండూ పన్నెండు. పదకొండూ ఇరవై. టైంపీసు పట్టుకుని అరగంట కూర్చున్నాను. మాను కదల్లేదు. ఇది ఎందుకో నీ పట్టికలో చూడకు.

లోపలికి వెళ్ళి పాత పుస్తకం తీసి రాశాను.

అసిరితల్లికి బెల్లం, చినబాబు ఎత్తు, రెండు మణుగులు. 30-4-1968న ముట్టింది. బాకీ లేదు.

అక్క తవిటమ్మ.